జెనరస్ ఎవరు?

ఇంగ్లిష్‌లో ఉదారంగా ఇచ్చేవాణ్ని 'జెనరస్' అంటారు. ఈ మాటకు మూలమైన లాటిన్ 'జెనెరోసుస్'కు అర్థం గొప్ప వంశంలో పుట్టినవాడని. 16వ శతాబ్దపు ఇంగ్లిష్‌లోనూ అదే ప్రధానార్థం. చేతికి ఎముక లేదనే అర్థం గట్టిపడింది ఆ తర్వాతే. అంటే ఇవ్వడం పెద్దింటివాళ్ల సొత్తన్నమాట! ఇలా చెప్పే నిఘంటువును జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌కు తీసుకెళ్లాలి. అక్కడ, 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లలో ఎక్కువమంది దళితులు, చిన్న కమతాలవాళ్లు. జొన్న, కొర్ర, సామ ఇత్తనాలను బూడిద, వేపాకు కలిపి, బుట్టలకు మట్టి మెత్తి దాస్తారు. అడిగినవాళ్లకు ఇస్తారు, పంటయ్యాక సోలెడుకు రెండు సోలెలు తిరిగొస్తాయి. దీన్ని వడ్డీ అనేవాళ్లూ ఉంటారు, నాకు మాత్రం అలా అనిపించదు. రెండో సోలె వచ్చే ఏడు ఇంకో ఇంటికి పోతుంది కదా. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మన 'దానం', లాటిన్ 'దోనుమ్' ఒకే ధాతువు బిడ్డలు, వాటికి వంశం పట్టింపు లేదు. జెనరస్‌కే ఆ పుట్టుమచ్చ మిగిలింది.