మెడ మర్దన – మెడ విరుపు

మంత్రాలయము, ఎమ్మిగనూరు, ఆదోని – ఈ ఊళ్ళలో క్షౌరశాలకు వెళ్ళినవారికి ఒక వాడుక సుపరిచితము. క్షౌరము ముగిసిన పిమ్మట క్షురకుడు తలను చరిచి, నుదురు ఒత్తి, గడ్డము క్రింద ఒక చేయి, తల వెనుక ఒక చేయి ఉంచి మెడను ఒక్క ఊపున ప్రక్కకు త్రిప్పుతాడు. టక్కున శబ్దము వస్తుంది. ఆదోని మార్కెట్ యార్డులో పగలంతా బస్తాలు మోసిన హమాలీకి ఆ శబ్దమే ఔషధము. సెల్ ఫోనుపై తల వంచి గంటలు గడిపే మన విద్యార్థులు కూడ ఇప్పుడు ఆ శబ్దము కోసమే వెళుతున్నారు. ఈ మెడ విరుపును మానుకొనవలెనని, మర్దనను మాత్రము మానవలసిన పని లేదని మా అభిప్రాయము. రెండింటిని ఒకే గాటన కట్టుటయే చిక్కుకు మూలము.

చేతితో చేసే చికిత్సను మేము చిన్నచూపు చూడము. యునానీ వైద్యములో 'దల్క్' అనే మర్దన గౌరవప్రదమైన చికిత్స. ఇబ్నె సీనా తన వైద్య గ్రంథములో కఠిన మర్దన, మృదు మర్దన అని భేదములు చెప్పినాడు. ఆయుర్వేదములో అభ్యంగనమున్నది. వెన్నుపూసలను ఊపుతో నెట్టే పద్ధతిని 'కైరోప్రాక్టిక్' అను పేరుతో 1895లో అమెరికాలో పామర్ అనునాయన ప్రారంభించినాడు. అక్కడ దానికి కళాశాలలు, శిక్షణ ఉన్నవి. మన క్షౌరశాలలో ఉన్నది అలవాటు మాత్రమే.

మరి ఫలితమెంత? అమెరికాలో మెడనొప్పిగల 272 మందిని మూడు వర్గములుగా విభజించి జరిపిన పరిశోధన ఒకటి 2012లో వెలువడినది. ఒక వర్గమునకు నిపుణులు వెన్నుపూసలను సరిచేసినారు, ఒక వర్గమునకు మందులిచ్చినారు, మరియొక వర్గమునకు ఇంటివద్ద చేసుకొనే వ్యాయామము నేర్పినారు. చేతి చికిత్స మందులకంటె మేలు చేసినది. అయితే రెండు పర్యాయములు మాత్రము పాఠము చెప్పించుకొని, తలను మెల్లగా కదిలించే వ్యాయామము చేసినవారు కూడ ఇంచుమించు అంత మేలే పొందినారు! 2015లో ప్రకటితమైన కోక్రేన్ సమీక్ష కూడ ఊపుతో త్రిప్పుటకు, మెల్లగా కదిలించుటకు ఫలితములో పెద్ద భేదము చూపలేదు. ఖర్చు లేని పద్ధతిలో అదే ఫలము దక్కుతుండగా ఆ టక్కు శబ్దమెందుకు?

ప్రమాదము సంగతి చూడుడు. మెడలోని ఏడు పూసలలో పై ఆరింటి ప్రక్క రంధ్రముల గుండా రెండు ధమనులు మెదడుకు రక్తము కొనిపోతాయి. తల హఠాత్తుగా తిరిగినపుడు మొదటి రెండు పూసలవద్ద ఆ నాళము సాగుతుంది. లోపలి పొర చీలితే రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరి పక్షవాతము రావచ్చును. మెడ ముందువైపు నుండు కెరోటిడ్ ధమనికి కూడ ఇదే గతి పట్టవచ్చును. మన పొరుగు జిల్లా బళ్ళారికి చెందిన ముప్పది యేండ్ల యువకుడొకడు క్షౌరశాలలో మెడ త్రిప్పించుకొని, ఈ ధమని చీలి పక్షవాతమునకు గురి అయినట్లు 2024లో పత్రికలలో వచ్చినది. చేతిపని చేసి బ్రతికే మనిషి. చికిత్స పొంది, తిరిగి కోలుకొనుటకు నెలలు పట్టినవి.

ఇట్టివి మిక్కిలి అరుదు. విరుపే కారణమని ప్రతి సందర్భములోను తేల్చి చెప్పలేము. కెనడాలోని ఒంటారియోలో జరిగి 2008లో వెలువడిన అధ్యయనము మరియొక సంగతి చూపినది. ధమని చీలిక మొదలైనవారికి మెడనొప్పి, తలనొప్పి ముందుగా వస్తాయి. ఆ బాధతోనే వారు వైద్యుని వద్దకో, పూసలు సరిచేయువాని వద్దకో వెళ్ళి ఉండవచ్చునట. అయితే ఇది మా వాదమునకు బలమే. చీలిక ఉన్న మెడను మెలిత్రిప్పరాదు గదా! కావున చేయి వేయుటకు ముందు ప్రశ్న వేయవలెను. మునుపెన్నడు లేనంత తీవ్రమైన తలనొప్పియా? తల తిరుగుతున్నదా? చేతులు మొద్దుబారినవా? నడక తడబడుతున్నదా? సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట ఉన్నవా? పూసకు క్షయ సోకినచోట విరుపు వెన్నుపామునే దెబ్బతీయగలదు. వీటిలో ఏది ఉన్నా ఆలస్యము లేక ఆసుపత్రికి పంపవలెను.

నాయీబ్రాహ్మణ సోదరులను నిందించుట మా ఉద్దేశము కాదు. వారు గిరాకీ అడిగినదే చేస్తున్నారు, అదియు తరచు ఉచితముగా. ఫిజియోథెరపిస్టు కోసము కర్నూలుకు ప్రయాణము చేయవలెనంటే హమాలీకి ఒకనాటి కూలి పోతుంది. మరి అతడు ఎక్కడికి వెళ్ళగలడు? కాబట్టి కళాశాల కమిటీ వారికి మా మనవి ఇది. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల నుండి ఒక ఫిజియోథెరపిస్టును మన కళాశాలకు ఆహ్వానించండి. భుజములను, మెడ కండరములను మృదువుగా మర్దించు పద్ధతి, మెడ వ్యాయామము, పై ప్రశ్నలు – ఇవి తెలుగులోను, ఉర్దూలోను చెప్పించండి. విద్యార్థులతోపాటు ఊరి క్షురకులను, హమాలీలను కూడ పిలువండి. ఆ సభ మంగళవారమైతే మేలు. ఆ రోజు క్షౌరశాలలకు సెలవు గనుక వారు రాగలరు.