కారు బ్రేకులు ఇంట్లో విప్పకూడదట!

మా నోయిడా అపార్ట్‌మెంట్లలో లిఫ్టు పక్కన కొత్త నోటీసు అంటించారు. పార్కింగులో ఎవరూ కార్ల రిపేర్లు చెయ్యకూడదట, బ్రేకుల జోలికి అసలే పోకూడదట. అది ఎవరి గురించో అందరికీ తెలుసు. నేను వెనక చక్రాలు ఊడదీసి బ్రేక్ షూలు మారుస్తుంటే సంఘం సెక్రటరీగారు వచ్చి నిలబడ్డారు. "ఇంత చదువుకున్నారు, మీకెందుకండీ ఈ పని? బ్రేకులంటే ప్రాణాలతో చెలగాటం. మెకానిక్‌కి ఇచ్చెయ్యండి" అన్నారు. ఆయన మన గుంటూరు ఆయనే. పక్కన తలూపినవాళ్ళలోనూ సగానికి పైగా తెలుగువాళ్ళే.

ఈ మాట ఇప్పుడు ఎక్కడ చూసినా వేదవాక్కులా చలామణీ అవుతోంది. నేను ఒప్పుకోను. కారుకి ఇంట్లో చేసుకోదగ్గ పనులంటూ ఉంటే, వెనక డ్రమ్ బ్రేకుల షూలు మార్చడం అందులో మొదటి వరసలో ఉంటుంది. ఆ పని చూసి భయపడేవాళ్ళలో ఎక్కువమంది ఒక్కసారి కూడా డ్రమ్ ఊడదీసి లోపలికి తొంగి చూసినవాళ్ళు కారు.

లోపల ఏముంటుంది? ఢిల్లీ చుట్టుపక్కల తిరిగే ఆల్టోలు, వ్యాగన్ఆర్‌ల వంటి చిన్న కార్లకి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. పెడల్ తొక్కితే నూనె ఒత్తిడికి వీల్ సిలిండర్‌లోని పిస్టన్లు రెండు వైపులా తోసుకొస్తాయి, రెండు షూలు విచ్చుకుని డ్రమ్ లోపలి గోడకి ఒరుసుకుంటాయి. వదిలితే స్ప్రింగులు వాటిని వెనక్కి లాగుతాయి. అంతే యంత్రం. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. షూలు మార్చడానికి బ్రేక్ ఆయిల్ గొట్టం విప్పక్కర్లేదు. నూనె బయటికి రాదు, గాలి లోపలికి పోదు. ప్రాణాలు ప్రాణాలని గుండెలు బాదుకునేవాళ్ళు భయపడేది ఆ నూనె గొట్టాల గురించే అయితే, ఈ పనిలో వాటిని ముట్టుకోనే ముట్టుకోం.

జాగ్రత్తలు లేవని ఎవరన్నారు? ఉన్నాయి, అవి పాటించడానికి ఓపిక కావాలి. నేల చదునుగా ఉండాలి. ముందు చక్రాలకి అటూ ఇటూ అడ్డు పెట్టి, గేరులో ఉంచి, ఆ తర్వాతే హ్యాండ్‌బ్రేక్ వదలాలి. కారు బరువు స్టాండ్ల మీద ఉండాలి తప్ప జాకీ మీద కాదు. రెండు పక్కలా ఒకేసారి ఊడదీయకూడదు, ఒక పక్క పూర్తయ్యేదాకా రెండోది అలాగే ఉంచితే ఏ స్ప్రింగు ఎక్కడ తగిలించాలో అదే చూపిస్తుంది. డ్రమ్ బిగుసుకుపోతే సుత్తితో బాదడం మొదలెడతారు మన వీధి మెకానిక్కులు. చాలా డ్రమ్ముల మీద మరలున్న రెండు రంధ్రాలు ఇందుకే పెట్టారు. వాటిలో సరైన బోల్టులు బిగిస్తూ పోతే డ్రమ్ తనంతట తానే బయటికొస్తుంది. కొన్ని కార్లలో డ్రమ్మూ బేరింగూ కలిసే ఉంటాయి, అక్కడ నట్టు ఎంత బిగించాలో సర్వీస్ మాన్యువల్ చూసి తీరాలి. వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు అంచు కాస్త పైకి లేపి లోపల తడి ఉందేమో చూడాలి. ఉంటే పని అక్కడితో ఆపాలి, ఇక అది నూనెతో వ్యవహారం. డ్రమ్ మీదే దాని గరిష్ఠ వ్యాసం అచ్చు వేసి ఉంటుంది, అరిగి అది దాటితే డ్రమ్మే మార్చాలి. షూ ఆనే చోట్ల వేడికి కరగని గ్రీజు పల్చగా రాయాలి, లైనింగ్ మీద చుక్క పడకూడదు. షూలు రెండు చక్రాలకీ కలిపే మార్చాలి. అయిపోయాక పెడల్ గట్టిపడేదాకా తొక్కి, ఖాళీ దారిలో నెమ్మదిగా పరీక్షించుకోవాలి.

ఇదంతా తన పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని యమునా ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేవాడు శ్రద్ధగా చేస్తాడా, సాయంత్రంలోగా పది కార్లు తోలేయాల్సినవాడు చేస్తాడా?

మన మాన్యులు "మెకానిక్‌కి ఇచ్చెయ్యండి" అంటారే, ఆ మెకానిక్ ఎవరో ఎప్పుడైనా చూశారా? రోడ్డు పక్క కొట్లో డ్రమ్ విప్పేది తరచుగా మేస్త్రీ కాదు, అందరూ ఛోటూ అని పిలిచే కుర్రాడు. డ్రమ్‌లో పేరుకున్న పొడిని గాలి గొట్టంతో బుస్సున ఊదేస్తాడు. మూతికి గుడ్డ ఉండదు. మన దేశంలో ఆస్బెస్టాస్ వాడకానికి పూర్తి నిషేధం లేదు, బ్రేక్ లైనింగులు దాని పాత కాపురాలు. ఆ పొడి వాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడి గుడ్డతోనో బ్రేక్ క్లీనర్‌తోనో తుడవడం నాకు తెలుసు, ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. మీ క్షేమం కోసం ఆ పిల్లవాణ్ణి ముందు పెట్టి, దానికి భద్రత అని పేరు పెట్టడానికి మనసెలా ఒప్పుతుంది?

పెద్ద సర్వీస్ సెంటర్ల సంగతి వేరంటారు. వేరే! అక్కడ అద్దాల గోడ అవతల నిలబెడతారు. ఒక చోట, పేరు అనవసరం, వెనక బ్రేకులు శుభ్రం చేసి సరిచేశామని బిల్లు వేశారు. ఇంటికొచ్చి డ్రమ్ తీస్తే మూడేళ్ళ మట్టి అలాగే ఉంది. అడిగితే, "కస్టమర్లు విప్పకూడదు సార్, భద్రత" అని జవాబు.

ఈ భద్రత కబురు ఎక్కడ పుట్టిందో చెబుతాను. 2011లో ఒక వినియోగదారుడు ఇదే ఢిల్లీలో కాంపిటీషన్ కమిషన్ దగ్గరికి వెళ్ళాడు. కార్ల కంపెనీలు విడిభాగాలూ, సాంకేతిక సమాచారమూ బయటివాళ్ళకి అందనివ్వడం లేదని ఫిర్యాదు. మూడు కంపెనీల మీద మొదలైన విచారణ విస్తరించింది. 2014 ఆగస్టు 25న కమిషన్ మారుతీ, టాటా, మహీంద్రా, హోండా, టొయోటా వగైరా 14 కంపెనీల మీద మొత్తం 2,544 కోట్ల రూపాయలకి పైగా జరిమానా వేసింది. విచారణలో ఆ కంపెనీలు చెప్పుకున్నదేమిటి? విడిభాగాలు బహిరంగంగా దొరికితే నకిలీలు పెరుగుతాయి, శిక్షణ లేని చేతుల్లో పడితే ప్రమాదాలు జరుగుతాయి! కమిషన్ ఆ వాదన ఒప్పుకోలేదు. తర్వాత అప్పీళ్ళు, కోర్టులు నడిచాయి. కానీ కమిషన్ కొట్టిపారేసిన వాదన మన అపార్ట్‌మెంట్ల గోడల మీద నోటీసై బతుకుతోంది, మనవాళ్ళ నోట సామెతై తిరుగుతోంది. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. అందులో పెట్టిన నాలుగు రంగాల్లో మోటారు వాహనాలు ఒకటి. అమెరికాలో మసాచుసెట్స్ ప్రజలు 2012లోనే వాహనాల రిపేరు హక్కుకి ఓట్లు వేసి గెలిపించుకున్నారు. ఇక్కడ హక్కు ఢిల్లీ దాకా వచ్చినా మన సెక్రటరీగారి గేటు దాటలేకపోతోంది.

అసలు కోపం తెప్పించేది "చదువుకున్నవారు" అనే ముక్క. డాలస్‌లో ఉన్న కొడుకు గరాజ్‌లో బ్రేకులు మార్చుకుని ఫొటో పంపితే, ఇదే మాట అనే తండ్రి దాన్ని పదిమందికీ చూపించి మురిసిపోతాడు. ఇక్కడ అదే పని చేస్తే పరువు పోతుంది. చేతికి మసి అంటిన మనిషి తక్కువవాడని మన ఇళ్ళలో నేర్పారు, అదే ఇక్కడ మాట్లాడుతోంది. కోయంబత్తూరు తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు హోటల్లో పని చేసి కూడబెట్టిన డబ్బుతో మోటార్‌సైకిలు కొని, విప్పి, మళ్ళీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నాడు. 1920లో ఒక్క బస్సుతో మొదలెట్టి పెద్ద రవాణా సంస్థ నిలబెట్టాడు. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి ప్రాణం పోసేవాళ్ళలో ఎంతమంది పుస్తకం పట్టారు? వాళ్ళ చేతి నైపుణ్యానికి దణ్ణం పెట్టనివాడికి నాకు భద్రత గురించి చెప్పే అర్హత లేదు.

డ్రమ్ములే పాతకాలం సరుకు, వాటి మీద ఇంత మోజెందుకంటారు కొందరు. ఫోక్స్‌వ్యాగన్ 2020లో అమ్మకానికి తెచ్చిన ఐడి.3 విద్యుత్ కారుకి వెనక డ్రమ్ములే పెట్టింది. ఐరోపా వాహన కాలుష్య ప్రమాణాలు యూరో 7, బ్రేకుల పొడికి కూడా మొదటిసారిగా పరిమితి పెడుతున్నాయి. ఆ పొడిని చాలావరకు తనలోనే దాచుకునేది మూసి ఉండే డ్రమ్మే. నవంబరులో ఢిల్లీ గాలి పీల్చేవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఇక కశ్మీరీ గేట్ విడిభాగాల బజారులో నకిలీ షూలు అంటగడతారంటారా, కంపెనీ కౌంటర్‌లో కొనండి.

నిజంగా భద్రత కావాలంటే చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఈ ఊళ్ళో కార్లని ఒకదానికొకటి అడ్డంగా నిలిపి, ఎవరైనా తోసుకునేలా న్యూట్రల్‌లో వదిలేసి పోతారు. హ్యాండ్‌బ్రేక్ లాగడమే మరిచిపోయారు. అది వదులైపోయిన సంగతి ఫ్లైఓవర్ ఎత్తు మీద ట్రాఫిక్‌లో కారు వెనక్కి జారితే గానీ తెలియదు. చలికాలంలో గాలి కాలుష్యం పెరిగి గ్రాప్ ఆంక్షల మూడో దశ వస్తే బీఎస్-3 పెట్రోలు, బీఎస్-4 డీజిల్ కార్లు రోజుల తరబడి కదలవు. హ్యాండ్‌బ్రేక్ వేసి ఉన్నవాటిలో తేమకి షూలు డ్రమ్‌కి అంటుకుపోతాయి. వీటి గురించి గోడ మీద ఒక్క నోటీసు కూడా లేదు.

ప్రతి అపార్ట్‌మెంట్ సముదాయంలోనూ ఒక మూల చదునైన కాంక్రీటు నేల, మంచి వెలుతురు, నాలుగు స్టాండ్లు, ఒక టార్క్ పానా ఉంచాలి. నెలకోసారి పూసా ఐటీఐ లాంటి చోట నుంచి బోధకుణ్ణి పిలిస్తే, నేర్చుకునేవాళ్ళు నేర్చుకుంటారు. ఖర్చెంత, బాధ్యత ఎవరిది అన్నది సంఘం సమావేశంలో తేల్చుకోవచ్చు. మెయింటెనెన్స్ డబ్బు కడుతున్నది మేమే కదా.