లేదన్నవాడే దారి చెప్పాలి

మా ఊరు హిందూపురం. బెల్లం, చింతపండు బేరాలకు వచ్చేవారికి మా మార్కెట్టు తెలుసు. లేపాక్షి బసవన్నను చూడబోయేవారికి మా బస్టాండు తెలుసు. పింఛను పుచ్చుకునే నాబోటివాడికి మాత్రం అన్నిటికంటె బాగా తెలిసిన చోటు మా వీధి చివరి నెట్ సెంటరు. కరెంటు బిల్లు కట్టాలన్నా, రైలు టిక్కెట్టు తీయాలన్నా, బతికే వున్నానని ఏటేటా రుజువు చూపించుకోవాలన్నా అక్కడికే వెళుతుంటాను.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం అక్కడ కూర్చుని వుండగా పల్లె నుంచి ఒక అవ్వ వచ్చింది. కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం కుర్రవాడి చేతికిచ్చింది. అర్జీ పెట్టుకున్నవాళ్లు తమ అర్జీ ఎంతదాకా వచ్చిందో చూసుకోవడానికి ఒక వెబ్‌సైటు చిరునామా అందులో అచ్చువేసి వుంది. కుర్రవాడు దాన్ని అక్షరం పొల్లుపోకుండా కొట్టాడు. తెల్లటి తెరమీద నల్లటి అక్షరాలు వచ్చాయి: 404, నాట్ ఫౌండ్.

"లేదవ్వా. నాట్ ఫౌండు అంటాంది" అన్నాడు.

"నా పేరు లేదంటనా?"

"ఏమో అవ్వా. లేదనే వస్తాంది."

అవ్వ ఇంకేమీ అడగలేదు. కాగితాన్ని పాత మడతల మీదే మడిచి, కొంగున కట్టుకుని, ఎండలోకి దిగి వెళ్లిపోయింది. నేను నా టిక్కెట్టు గొడవలో పడి ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే ఈ వారం నాచేత ఇది రాయిస్తున్నది.

ఆ టిక్కెట్టు ధర్మవరానికి. మా చెల్లెలి కూతురికి పెళ్లి కుదిరింది, పట్టుచీర కొనాలి. మర్నాడు పెనుకొండలో మా మేనల్లుడు, అంటే పెళ్లికూతురి అన్న, రైలెక్కి నా పక్కన కూర్చున్నాడు. బెంగుళూరులో వెబ్‌సైట్లు తయారుచేసే ఉద్యోగం వాడిది. మాటవరసకు అవ్వ సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"అయ్యో మామా! అవ్వ పేరు లేదని కాదు అది. ఆ పేజీ ఆ చోట లేదని. పేరు పట్టీలో వుందో లేదో చూసేదాకా ఎవరూ పోనేలేదు" అన్నాడు.

తెరమీద ఆ అంకె నేనూ చాలాసార్లు చూశాను గాని, దాని అర్థం ఎన్నడూ అడిగి తెలుసుకోలేదు. ఇప్పుడడిగితే వాడు విడమరచి చెప్పాడు. మనం ఏ పేజీ అడిగినా అవతలి యంత్రం ముందుగా మూడంకెల జవాబు ఒకటి పంపుతుంది. 200 అంటే 'సరే, ఇదిగో తీసుకో' అని. 301 అంటే 'శాశ్వతంగా ఫలానా చోటికి మారింది, అక్కడికి పో' అని. 5తో మొదలయితే తప్పు మాదని ఒప్పుకోవడం. 4తో మొదలయితే అడిగినవాడిదే తప్పని అనడం! మన 404 ఈ కోవలోది. ఇల్లు మారినవాడు గృహస్థు. తప్పు మాత్రం తలుపు తట్టిన చుట్టానిది. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి. పేజీని మళ్లీ రాకుండా తీసేశామని చెప్పడానికి 410 అని వేరే అంకె వుంది. 404 ఆపాటి మాటయినా చెప్పదు. మళ్లీ వస్తుందో రాదో తేల్చకుండా తలుపు మూసుకుంటుంది.

అప్పటికి రైలు కదిలింది. కిటికీలో పెనుకొండ కొండ వెనక్కి పోతున్నది. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిన తరువాత విజయనగర ప్రభువులు రాజధానిని ఈ కొండ కిందికే తెచ్చారు. తరువాత చంద్రగిరికి మార్చారు. అర్జీ పట్టుకుని పాత రాజధానికి వెళ్లిన రైతుకు పాడుపడ్డ వీధులు కనబడితే ఏమనుకుంటాడు? రాజ్యమే లేదనుకుంటాడు. రాజు పెనుకొండలో వున్నాడని చెప్పడానికి దారిలో ఒక్క మనిషి వుంటే చాలు.

ఈ మాటే అంటే మేనల్లుడు, "అక్కడా జాగ్రత్త వుండాల మామా. హంపి నుంచి పెనుకొండకు, పెనుకొండ నుంచి చంద్రగిరికి తిప్పకూడదు. హంపిలోనే చంద్రగిరి అని చెప్పేయాల" అన్నాడు.

అంత పాత కథ దేనికి? 2022 ఏప్రిల్ 4న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ అనంతపురం జిల్లా నుంచి కొత్తగా ఏర్పడ్డ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. ఉన్న ఇంట్లో వున్నట్లే వుండి తెల్లవారేసరికి జిల్లా మారినవాళ్లం మేము. మా వీధి తపాలా మనిషికి మా మొహాలు తెలుసు గనుక ఉత్తరాలు తప్పిపోలేదు. కంప్యూటరుకు మొహాలు తెలియవు గదా. ఎవరో ఒకరు చెప్పిపెట్టాలి.

చెప్పిపెట్టేవాళ్లు తక్కువేనని లోకమంతటా తేలింది. అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం 2024లో లెక్క తీస్తే, 2013 నాటి వెబ్ పేజీలలో నూటికి 38 పదేళ్లు తిరిగేసరికి అందకుండా పోయాయి. వెబ్‌ను కనిపెట్టిన టిం బెర్నర్స్-లీ 1998లోనే, ఒకసారి లోకానికి ఇచ్చిన చిరునామాను ఏళ్లు గడిచినా మార్చకూడదని వ్యాసం రాశాడు. పెద్దలమాట ఎవరు విన్నారు!

ధర్మవరంలో దిగి, ఇరవయ్యేళ్ల కిందట మా ఆవిడకు చీర కొన్న అంగడికే వెళ్లాం. షట్టరు వేసి వుంది. నా ప్రాణం ఉసూరుమంది. దగ్గరికి వెళితే రేకు మీద రంగుతో రాసి వుంది:

'అంగడి వెనక సందులో మూడో ఇంటికి మార్చినాము. పాత చీరకు కుచ్చులు కట్టించేవారు కూడా అక్కడికే రావలెను. తలుపు వేసివుంటే ఎదురు టీ అంగట్లో అడగండి. మీకు కలిగిన శ్రమకు మన్నించండి.'

మేనల్లుడు వెంటనే సెల్‌ఫోను తీసి ఫోటో పట్టాడు. "మామా, ఇంతకంటె మంచి 404 పేజీ నేను చూడలేదు" అన్నాడు.

నిజమే కదూ? తప్పు తనమీద వేసుకున్నాడు. ఎక్కడికి పోవాలో చెప్పాడు. వచ్చినవాడికి ఏం పనుంటుందో ముందే ఊహించాడు. అదీ కుదరకపోతే అడగడానికి ఒక మనిషిని చూపించాడు. బోర్డుకు అయిన ఖర్చు డబ్బాడు రంగు!

ఎదురు అంగట్లో టీ తాగుతూ మావాడు తన వృత్తి రహస్యాలు కొన్ని చెప్పాడు. మీలో ఎవరైనా, మీ అబ్బాయో కోడలో, ఏ అంగడికో బడికో వెబ్‌సైటు నడుపుతుంటే వినిపించండి. లేని పేజీ అడిగినవాణ్ణి మారుమాట లేకుండా మొదటి పేజీలో పడేయకూడదు. అది దారితప్పినవాణ్ణి చేయిపట్టుకుని ఊరి పొలిమేరలో దిగవిడిచినట్లు. ఏమయిందో తెలుగులో రెండు ముక్కలు చెప్పి, వెతుక్కోవడానికి ఒక గడి, ఎక్కువమంది అడిగే పేజీలు నాలుగు, మనిషి పలికే ఫోను నంబరు ఒకటి పెట్టాలి. యంత్రానికి మాత్రం 404 అనే పంపాలి. లేనిదాన్ని వున్నదంటే వెతికిపెట్టే యంత్రాలు కూడా మోసపోతాయి.

అన్నిటికంటె ముఖ్యం, జనం ఏ చిరునామాలు అడిగి లేదనిపించుకున్నారో యంత్రం దగ్గర చిట్టా వుంటుంది. వారానికొకసారి దాన్ని చదవాలి. మావాడు పనిచేసిపెట్టిన ఒక చీరల వ్యాపారి, అమ్మకం లేదని చిన్నపిల్లల పావడాల పేజీ తీసేశాడట. చిట్టా చూస్తే రోజూ ఎవరో ఒకరు ఆ పేజీకే వచ్చి తిరిగిపోతున్నారు. మళ్లీ పెట్టించాడు. వచ్చి లేదనిపించుకుని పోయినవాడు ఏం కావాలో చెప్పే పోతాడన్నమాట. మనం వినిపించుకోవాలి, అంతే.

ఈ ఖాళీ పేజీని ఇంకా గొప్పగా వాడుకున్నవారున్నారు. 2012లో ఐరోపాలో, తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే సంస్థలు ఒక ఏర్పాటు చేశాయి. వెబ్‌సైట్లవాళ్లు తమ 'నాట్ ఫౌండ్' పేజీలలో, ఇంకా దొరకని పిల్లల ఫోటోలు వచ్చేట్టు చేసుకోవచ్చు. దొరకని పేజీలో దొరకని బిడ్డ! పేజీ కోసం వచ్చినవాడు ఒక్క క్షణం ఆ మొహం చూస్తాడు. ఎవరు చెప్పగలరు, ఆ క్షణంలో ఎవరైనా గుర్తుపట్టవచ్చు. మన దగ్గర ఆపదలో వున్న పిల్లల కోసం 1098 అనే నంబరు వుంది. మన పేజీలలో దానికి ఒక వరస చోటిస్తే పోయేదేముంది?

చీర కొన్నాం. మామిడిపండు రంగుకు ఎర్రంచు. ఇంటికి రాగానే చీర మా ఆవిడ చేతిలో పెట్టి, చెప్పులైనా విప్పకుండా నెట్ సెంటరుకు వెళ్లాను. కుర్రవాడి పక్కన కూర్చుని మొదటి పేజీ నుంచి ఒక్కొక్క మెట్టూ వెతికించాను. అయిదు నిమిషాలు పట్టలేదు. అర్జీల పేజీ భేషుగ్గా వుంది, వేరే చిరునామాలో. అవ్వ అర్జీ నంబరు కొడితే చాలు. అవ్వే లేదు. ఆమె ఏ ఊరో ఇద్దరమూ అడగలేదు.

కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆనక ఒక తెల్లకాగితం తీసుకుని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాడు: '404 అంటే మీ పేరు లేదని కాదు. పేజీ జాగా మారింది. కూర్చోండి, వెతుకుదాం.'

ఆ కాగితం ఇంకా గోడమీదే వుంది. అవ్వ ఇంతవరకూ రాలేదు. వస్తే చదివి వినిపించమనీ, ముందు ఊరి పేరు అడగమనీ కుర్రవాడికి మరీమరీ చెప్పివచ్చాను.