పెంబర్తికి గుర్తింపు వచ్చింది, పని రావాలి

హైదరాబాద్–వరంగల్ రహదారి మీద జనగామకు కూతవేటు దూరంలో ఉన్న పెంబర్తికి బిరుదులకు కొదవ లేదు. ఇక్కడి లోహ హస్తకళకు భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు దక్కి పదేళ్లు దాటింది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ సిద్దిపేట జిల్లా చంద్లాపూర్‌తో పాటు పెంబర్తినీ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. అయినా ఈ కళ మరో తరం చేతికి అందుతుందన్న ధీమా కలగడం లేదు. లోపం కళలో లేదు, దాన్ని కాపాడాలని మనం ఎంచుకున్న దారిలో ఉంది.

మన లోహ శిల్పానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి మైనపు పోత. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. తమిళనాడులోని స్వామిమలై పంచలోహ విగ్రహాలు, ఆసిఫాబాద్ జిల్లా ఉషేగావ్‌లో ఓజులు చేసే డోక్రా బొమ్మలు ఈ కోవవే. రెండోది రేకుపని. పెంబర్తి పేరు మోగింది దీనితోనే.

పెంబర్తి పనివాడు ముందు ఇత్తడి రేకును కాల్చి మెత్తబరుస్తాడు. కరిగించిన లక్క మీద దాన్ని అతికించి, వెనకవైపు నుంచి ఉలితో కొట్టి బొమ్మను ఉబ్బిస్తాడు. దెబ్బ పడేకొద్దీ రేకు బిరుసెక్కుతుంది. మొండిగా కొడితే పగులుతుంది. అందుకే లక్క నుంచి ఊడదీసి, మళ్లీ కాల్చి, మళ్లీ అతికించాలి. ఆ తర్వాత రేకును తిప్పి, సన్న ఉలులతో కనుబొమ్మ వంపు, హారంలో పూస తీర్చాలి. ఎప్పుడు కాల్చాలో, ఎక్కడ ఆపాలో పుస్తకం చూసి నేర్చుకునేది కాదు. తండ్రి పక్కన కూర్చుని ఏళ్లు గడిపితే గానీ చేతికి పట్టుబడదు.

ఈ విద్య స్థాయి ఏమిటో తెలియాలంటే తిరుమల వెళ్లిన వాళ్లు ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆలయంలో చేతులు జోడించి నిలబడ్డ శ్రీకృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరుల విగ్రహాలు పోత పోసినవి కావు, రాగి రేకును కొట్టి మలచినవి. తెలుగువాడి మనసులో రాయల రూపం నిలిచింది ఆ సుత్తి దెబ్బల వల్లే.

పెంబర్తి కళ మూలాలు కాకతీయుల కాలంలో ఉన్నాయని చెబుతారు. గుడి తలుపులకు, ధ్వజస్తంభాలకు, వాహనాలకు తొడుగులు, విగ్రహాలకు కవచాలు అప్పటి పని. కాకతీయుల తర్వాత ఆదరణ తగ్గింది. నిజాం ఏలుబడిలో పాన్‌దాన్‌లు, అత్తర్‌దాన్‌ల రూపంలో మళ్లీ పుంజుకుంది. అంటే కళను బతికించింది పొగడ్త కాదు, దానితో అవసరం ఉన్న సమాజం.

ఇదే సూత్రం మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలోనూ కనిపిస్తుంది. పూనుగొండ్ల నుంచి కోయ పూజారులు తమ దేవుడు పగిడిద్దరాజును రెండేళ్లకోసారి కాలినడకన మేడారం జాతరకు తీసుకెళ్తారు. జాతరకు ఆ నడక కావాలి కాబట్టే తరాలు మారినా ఆ ఆచారం తెగలేదు. లోహ కళకైనా, కోయ క్రతువుకైనా ఆయువు పోసేది ఒకటే: చేయక తప్పని పని.

నేటి మన విధానం దీనికి ఎదురు నడుస్తోంది. కళాకారులను ఆదుకోవడమంటే జ్ఞాపికలు, షీల్డులు, గోడకు వేలాడే బొమ్మలు చేయించి ప్రదర్శనశాలల్లో అమ్మించడమే అయిపోయింది. ఒకే బొమ్మ వెయ్యి కావాలంటే రేకును అచ్చొత్తే యంత్రం ముందు సుత్తి నిలవదు. చేయి తప్పక ఓడిపోయే పోటీలోకి మనమే దాన్ని దింపుతున్నాం. గుడి తలుపు సంగతి వేరు. ఏ తలుపు కొలత దానిదే, ఏ క్షేత్రం కథ దానిదే. ఒక్క పని కోసం అచ్చు చేయించడం ఎవరికీ గిట్టదు. యంత్రం రాలేని చోటు అదే, పెంబర్తి గెలవగలిగేదీ అక్కడే.

చేతిపనికి ఖర్చు ఎక్కువ, గడువు ఎక్కువ అన్న వాదన ఉంది. నిజమే. కానీ తరాల పాటు నిలవాల్సిన ధ్వజస్తంభపు తొడుగును తక్కువ ధర ఒక్కటే చూసి అప్పగించడం పొదుపు కాదు. పీఎం విశ్వకర్మ పథకం కింద 15 వేల రూపాయల పనిముట్లు, రెండు విడతల్లో 3 లక్షల దాకా రుణం ఇస్తున్నారు. మంచిదే, అయితే పని లేని ఇంటికి రుణం బరువే. రేకు మీద 18 శాతం జీఎస్టీ ముందే చెల్లించి, బిల్లు కోసం ఎదురుచూసే స్తోమత చిన్న కొలిములకు ఉండదు.

కాబట్టి చేయాల్సింది స్పష్టం. దేవాదాయ శాఖ ఆలయాల లోహపు తొడుగుల పనిలో కొంత భాగాన్ని కళాకారుల సంఘాలకే నేరుగా కేటాయించాలి. రేకుకు సరిపడా సొమ్ము ముందే ఇవ్వాలి. ప్రతి పెద్ద పనిలో ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లకు భృతి ఇచ్చి శిష్యరికం తప్పనిసరి చేయాలి. పూర్తయిన పని మీద చేసినవారి పేరు చెక్కాలి. ఊళ్లో గుడి కట్టుకుంటున్న కమిటీలు కూడా కేటలాగు తెరిచే ముందు ఒకసారి పెంబర్తి దాకా వెళ్లి రావాలి. బిరుదులు ఇచ్చింది చాలు, ఇక పని ఇవ్వండి.