మన నెత్తురుకు మాస్కోలో తీర్పు

శీతల యుద్ధం ఎవరు మొదలుపెట్టారని అడిగితే మన ఊళ్ళల్లో ఇప్పటికీ రెండు జట్లు లేస్తాయి. ఒక జట్టుకు స్టాలిన్ రాక్షసుడు, అమెరికా ఆపద్బాంధవి. రెండో జట్టుకు రాక్షసి అమెరికా, దేవుడు స్టాలిన్. రెండు జట్లూ అబద్ధమే ఆడుతున్నాయి. నెల్లూరు జిల్లా మైపాడు ఒడ్డున ఉండి ఈ మాట అంటున్నాను. ఎవరికి కోపమొచ్చినా వెనక్కి తీసుకోను.

1944 అక్టోబరు. జర్మనీ ఇంకా ఓడనే లేదు. మాస్కోలో బ్రిటిష్ ప్రధాని చర్చిల్ ఒక కాగితమ్ముక్క మీద రుమేనియాలో 90 శాతం రష్యాకు, గ్రీసులో 90 శాతం బ్రిటన్‌కు, యుగోస్లావియా చెరి సగం అని రాసి స్టాలిన్ ముందుకు తోశాడు. స్టాలిన్ నీలి పెన్సిలుతో టిక్కు పెట్టాడు. అన్నదమ్ములు పొలం గట్లు వేసుకున్నట్టు దేశాలు పంచుకున్నారు. ఆ దేశాల జనాన్ని ఎవడడిగాడు? ఆ డిసెంబరులోనే, నాజీలతో పోరాడిన గ్రీకు గెరిల్లాలపై ఏథెన్సు వీధుల్లో బ్రిటిష్ సైన్యం తుపాకులు పేల్చింది. ప్రపంచ శ్రామికులకు దిక్కు తానేనన్న మాస్కో నోరు మెదపలేదు.

ఇక అవతలివాళ్ళు. ఆ చీటీ రాసిన చర్చిలే 1946 మార్చి 5న అమెరికాలోని ఫుల్టన్‌లో నిలబడి, తూర్పు యూరప్ మీద ఇనుప తెర పడిందని గుండెలు బాదుకున్నాడు. పక్కనే అమెరికా అధ్యక్షుడు ట్రూమన్. మరుసటి మార్చిలో ఆ ట్రూమనే స్వేచ్ఛ పేరు చెప్పి గ్రీసు, టర్కీలకు 40 కోట్ల డాలర్లు అడిగాడు. ఆ డబ్బుతో ఏథెన్సులో బలపడింది ఎవరు? రాజును మోసే ప్రభుత్వం. యుద్ధానికి కావలసిన సరుకులు పోగేసుకోవడానికి అమెరికా 1946లోనే చట్టం చేసుకుంది. ఆ సరుకుల్లో అభ్రకం ఒకటి. మన గూడూరు గనుల్లో అభ్రకం తవ్వి, పలకలు చీల్చిన కూలీకి ఆ స్వేచ్ఛ ఏపాటి అందిందో వాషింగ్టన్ భక్తులు చెప్పాలి.

1947 సెప్టెంబరులో సోవియట్ నాయకుడు జ్దానోవ్ ప్రపంచం రెండు శిబిరాలని ప్రకటించాడు. అప్పటికే తెలంగాణలో రైతు తిరగబడి ఉన్నాడు. దొర గడీ మీదికి, వెట్టి మీదికి. వాడికి ఏ శిబిరమూ తెలియదు. వాడు అడిగింది భూమి.

ఈ మైపాడు నుంచి పెన్న దాటితే విడవలూరు మండలంలో అలగానిపాడు. పుచ్చలపల్లి సుందరయ్య పుట్టిన ఊరు. ఆ తెలంగాణ పోరాటాన్ని నడిపిన నాయకుల్లో ఒకడైన ఆయన లెక్క ప్రకారం 3,000 గ్రామాలు విముక్తమయ్యాయి, 10 లక్షల ఎకరాలు పంచారు, 4,000 మంది ప్రాణాలిచ్చారు. సైకిలెక్కి పార్లమెంటుకు పోయాడని ఆయన్ను తెగ పొగుడుతాం. ఆ పోరాటం మీద ఆయన రాసిన చరిత్ర తెరిచినవాళ్ళు మనలో ఎందరు?

ఆ రైతు పోరాటం సరైనదా కాదా అన్న తీర్పు ఎక్కడ రాశారో చూడండి. 1948లో ఆంధ్ర కమ్యూనిస్టులు మాది మావో దారి అన్నారు. పార్టీ నాయకుడు రణదివే మావోనే తిట్టిపోశాడు. 1950 జనవరిలో మాస్కో నడిపే కమ్యూనిస్టు పార్టీల కూటమి కమిన్‌ఫాం పత్రిక చైనా దారి మంచిదని ఒక సంపాదకీయం రాసేసరికి రణదివే పని అయిపోయింది, చండ్ర రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి అయ్యాడు. 1951 ఫిబ్రవరిలో ఆయనా, బసవపున్నయ్యా, డాంగే, అజయ్ ఘోష్ మాస్కో వెళ్ళి స్టాలిన్ ముందు కూర్చున్నారు. చైనా వాళ్ళకున్నట్టు మీ వెనక మిత్రదేశం లేదని స్టాలిన్ తేల్చాడు. ఆ అక్టోబరులో పోరాట విరమణ ప్రకటన వచ్చింది.

సైన్యం వేటాడుతుంటే విరమించక ఏం చేస్తారంటారా? ఒప్పుకుంటాను. నిజాం లొంగిపోయాక నెహ్రూ సైన్యం తుపాకులు అడవుల్లో ఉన్న రైతుల మీదికి తిరిగాయి. ఆపడం తప్పని నేననలేదు. నల్లగొండ రైతు చావాలా బతకాలా అన్నది గ్రీసును వదిలేసిన మనిషిని అడిగి తేల్చుకోవడమేమిటని అడుగుతున్నాను.

ఇది చదివి కాంగ్రెసు వారసులు మురిసిపోనక్కర్లేదు. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులను మాస్కో తొత్తులని ఊరూరా తిట్టిన నోళ్ళే, నెహ్రూ విదేశాంగ విధానాన్ని సోవియట్ పార్టీ పత్రిక ప్రావ్దా మెచ్చుకోగానే ఆ మెప్పును అచ్చేసి జనానికి పంచాయి. తిట్టడానికీ మాస్కోనే, ఓట్లడగడానికీ మాస్కోనే. 196 స్థానాల్లో కమ్యూనిస్టులకు మిగిలింది 15. తమ మనుషులు చావో రేవో అని పోటీలో ఉన్నారని ప్రావ్దాకు పట్టిందా? అమెరికాకు దూరంగా ఉండే నెహ్రూ వాళ్ళకు ముఖ్యం. ఆంధ్ర రైతుకూలీ కాదు.

ఆ తర్వాత మాస్కో, పెకింగ్ కొట్టుకున్నాయి. ఆ ఎన్నికలైన తొమ్మిదేళ్ళకు మన దగ్గర కమ్యూనిస్టు పార్టీ నిలువునా చీలింది. ఒక ముక్కకు సుందరయ్య, రెండో ముక్కకు రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శులు. తెలంగాణలో ఒకే పోరాటం నడిపిన ఇద్దరు తెలుగువాళ్ళు! చీలికకు ఇక్కడి కారణాలు లేవనను. కానీ ఆ గొడ్డలి పదును పెట్టింది ఇక్కడ కాదు.

యాల్టా సమావేశంలో ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో, ట్రూమన్ ఏమన్నాడో, స్టాలిన్ దానికేమన్నాడో రెండు జట్లకూ కంఠతా వచ్చు. ఆ 4,000 మందిలో దొడ్డి కొమరయ్య కాక ఇంకో పది పేర్లు చెప్పండి. చెప్పగలిగినవాళ్ళు నాతో వాదనకు రండి.