పింఛనూ హక్కే, పనీ హక్కే

మాల మాదిగ ఇంట్లో పుట్టటానికీ, కళ్లో కాళ్లో లేకుండా పుట్టటానికీ ఈ దేశపు శాస్త్రాలు ఒకటే కారణం చెప్పాయి. పూర్వజన్మలో చేసుకున్న పాపం! ఏ పాపానికి ఏ అంగం పోతుందో మనుస్మృతి పదకొండో అధ్యాయంలో పట్టీ రాసిపెట్టారు. పుట్టుగుడ్డివాళ్లకూ, చెవిటివాళ్లకూ, మూగవాళ్లకూ ఆస్తిలో వాటా లేదని, తిండీ బట్టా ఇస్తే చాలని తొమ్మిదో అధ్యాయంలో రాశారు. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. మన కులాన్ని కట్టేసిన రాతలతో పాటు ఈ రాతలు కూడా ఆ మంటల్లో కాలాయి. కానీ తిండీ బట్టా పడేస్తే చాలుననే బుద్ధి మాత్రం కాలలేదు. అది ఇవాళ ప్రభుత్వ ఆఫీసుల్లో కుర్చీ వేసుకుని కూచుంది.

వికలాంగుడంటే ప్రభుత్వానికి గుర్తొచ్చేది పింఛను ఒక్కటే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నెలకు 6,000 చేశారు. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. మేం పింఛనును తక్కువ చేసి మాట్లాడటం లేదు. అది ఏ ముఖ్యమంత్రి దయవల్లా పెరగలేదు. మాదిగ దండోరా నడిపిన మందకృష్ణ మాదిగే వికలాంగుల హక్కుల పోరాట సమితిని కూడా నడిపాడు. మూడు చక్రాల బండ్ల మీద, చంక కర్రల మీద వచ్చి రోడ్డెక్కినవాళ్ల పోరాటం వల్ల పెరిగింది. అందులో ఒక్క పైసా కూడా వదులుకునే ప్రసక్తి లేదు.

మా ప్రశ్న వేరు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి పింఛను కాగితం చేతిలో పెట్టి, ఇక జీవితమంతా అరుగు మీద కూచో అంటే అది న్యాయమేనా? వాడికి పెళ్లాం పిల్లలు వద్దా? నలుగురిలో మాట చెల్లే బతుకు వద్దా? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులున్నారు. అందులో ఏదో ఒక పని చేస్తున్నవాళ్లు 36 శాతమే. ఆడవాళ్లలో అయితే 23 శాతమే. మిగతా అందరూ చేతగానివాళ్లా? కాదు. పని ఇచ్చినవాడు లేడు. పని నేర్పినవాడు లేడు.

పని నేర్పే ఏర్పాటు అసలు లేదా అంటే ఉంది. దాని పేరు వృత్తి పునరావాసం. పునరావాసం అంటే ప్రాజెక్టు కింద మునిగిన ఊళ్లకు ఇచ్చేదిగానే మనకు తెలుసు. ఇది వేరు. వికలాంగుల వృత్తి పునరావాస కేంద్రాలను కేంద్ర కార్మిక శాఖ 1968లో మొదలుపెట్టింది. మొట్టమొదట పెట్టిన రెండిట్లో ఒకటి బొంబాయిలో ఉంటే, రెండోది మన హైదరాబాదులోనే, విద్యానగర్‌లో ఉంది. ఇప్పుడు పేరు మార్చి నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ అంటున్నారు. ఇంత పాత కేంద్రం ఉందన్న సంగతి మన వాడల్లో ఎందరికి తెలుసు? వందమందిని అడిగితే ఒక్కరు కూడా చెప్పలేరు.

అక్కడ జరగవలసిన పని ఏమిటో చెప్పుకుందాం. ఏం పోయింది అని కాకుండా ఏం మిగిలింది అని చూడాలి. ఒక డాక్టరు శరీరాన్ని చూస్తాడు. మనస్తత్వ నిపుణుడు మనిషితో మాట్లాడతాడు. ఆ తర్వాత పనిముట్లు చేతికిచ్చి ఏ పని వొంటబడుతుందో చూస్తారు. ఆ మనిషికి ఏ పని ఇష్టమో అడుగుతారు. కుట్టుపనో, కంప్యూటరో, మరమ్మతు పనో నేర్పుతారు. తర్వాత ఉద్యోగం చూపించాలి, లేదా సొంత పనికి అప్పు ఇప్పించాలి. అక్కడితో వదిలేయకుండా, పనిలో కుదిరాక కూడా కొన్నాళ్లు వెనక ఉండి కనుక్కోవాలి. ఇదంతా ఉచితం.

ఇందులో ముఖ్యమైన సూత్రం ఒకటుంది. మనిషి పనికి సరిపోకపోతే మనిషిని తీసెయ్యకూడదు, పని పద్ధతిని మార్చాలి. కాలు ఆడనివాడికి కుట్టుమిషనుకు మోటారు బిగిస్తే బట్ట కుడతాడు. చెవులు వినపడనివాడికి గంట బదులు దీపం వెలిగిస్తే ఫ్యాక్టరీలో పని చేస్తాడు. చూపు లేనివాడికి అక్షరాలను చదివి వినిపించే ఏర్పాటు కంప్యూటరులో పెడితే ఆఫీసు పని చేస్తాడు. ఇదేమీ గొప్ప విద్య కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ పనుల్లో వికలాంగులకు వేరుగా శ్రమశక్తి సంఘాలు పెట్టారు. పని కొలత తగ్గించి కూలి పూర్తిగా ఇచ్చే పద్ధతి తెచ్చారు. అంతవరకూ పనికిరారన్నవాళ్లే అప్పుడు మట్టి తవ్వారు, నీళ్లందించారు. కొలత మారితే మనిషి పనికొచ్చాడు. కాబట్టి లోపం ఎక్కడుంది? మనిషిలోనా, కొలతలోనా?

ఇక మన సంగతికొద్దాం. అదే 2011 లెక్కల్లో దేశ జనాభాలో వికలాంగులు 2.21 శాతం అయితే, ఎస్సీల్లో 2.45 శాతం. అంటే సుమారు 49 లక్షల మంది. మనలో ఎక్కువ ఎందుకుంది? పాపం చేశామా? నూర్పిడి మిషనులో చెయ్యి పెట్టేది ఎవరు? దొర కొడుకు పెడతాడా? క్వారీలో రాళ్ల కింద నలిగేదెవరు? తడి కాళ్లతో కరెంటు మోటారు దగ్గరకి పొమ్మంటే పోయేదెవరు? పురుడు పోసే డాక్టరు దొరకక, పోలియో చుక్కలు చివరగా అందిందెవరికి? నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి తరాల తరబడి ఎముకలు వంగిపోయాయి. డబ్బున్నవాడు నీళ్లు కొనుక్కున్నాడు, లేదంటే పట్నం పోయాడు. కూలోడు ఆ నీళ్లే తాగాడు. పని చేస్తూ దెబ్బ తింటే పరిహారం ఇవ్వాలన్న చట్టం ఈ దేశంలో 1923లోనే వచ్చింది. అయినా పొలంలో చెయ్యి తెగిన పాలేరుకు ఊళ్లో దొరికిందేమిటి? ఆసుపత్రికి ఆటో కిరాయి, ఒక బస్తా బియ్యం. మన అవిటితనంలో చాలా భాగం దేవుడిచ్చింది కాదు. అది మనం చేసిన చాకిరీకి దొరికిన జీతం.

ఇట్లా దెబ్బతిన్న మనిషి ఆ విద్యానగర్ గేటు దాకా ఎట్లా పోవాలి? ముందు సదరం సర్టిఫికెట్ కావాలి. 40 శాతం లోపం ఉందని డాక్టరు రాస్తేనే హక్కులు. స్లాటు కోసం మీసేవ చుట్టూ, క్యాంపు కోసం జిల్లా ఆసుపత్రి చుట్టూ తిరగాలి. తోడుగా వెళ్లినవాళ్ల కూలి కూడా పోతుంది. దాని తర్వాత చదువు అడుగుతారు. బడిపంతుళ్లం కాబట్టి ఈ సంగతి మాకు బాగా తెలుసు. నడవలేని పిల్లను తల్లి అయిదో తరగతి దాకా చంకనేసుకుని తెస్తుంది. హైస్కూలు నాలుగు కిలోమీటర్ల దూరం. పిల్ల బరువెక్కింది, తల్లికి కూలికి పోక తప్పదు. చదువు అక్కడితో ఆగుతుంది. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా వికలాంగ పిల్లలకు ఉచిత చదువు హక్కు అని 2016 చట్టం చెప్తుంది. చట్టం చెప్తుంది గాని చంకనెత్తుకోదు గదా! తర్వాత హైదరాబాదులో ఉండటానికి చోటు కావాలి. కాళ్లు లేనోడికి, అందులోనూ మనోడికి, అద్దెకి గది ఎవరిస్తారు? దేశంలోని వికలాంగుల్లో నూటికి 69 మంది పల్లెల్లో ఉంటే కేంద్రాలు మాత్రం పట్నాల్లో ఉన్నాయి. మెట్లు ఎక్కలేనోణ్ణి మేడ మీదకి రమ్మన్నట్టుంది యవ్వారం.

ఎట్లాగో చేరాడనుకుందాం. ఏ పని నేర్పుతారు? వృత్తి అనే మాటే మనకు చేదు. పుట్టగానే వృత్తి అంటగట్టిన దేశం ఇది. కులం పనినే కాక పనిచేసే మనుషుల్ని కూడా మెట్లు మెట్లుగా విడగొట్టిందని అంబేడ్కర్ వివరించి చెప్పాడు. మాదిగ పిల్లవాడికి కాలు లేదు కాబట్టి కూచుని చెప్పులు కుట్టే పెట్టె ఇచ్చేద్దాం అని ఏ అధికారి అయినా అంటే, అది పునరావాసం కాదు. వాణ్ణి తాత కూచున్న చోటే మళ్లీ కూచోబెట్టటం. ఆ పని తక్కువదని మేం అనటం లేదు. ఇష్టపడి చేసేవాడు చెయ్యొచ్చు. కానీ ఎంచుకునే హక్కు వాడిది. అగ్రకుల వికలాంగుడికి బ్యాంకు పరీక్ష, మన వికలాంగుడికి కొవ్వొత్తులూ అగరుబత్తీలూ అంటే ఒప్పుకునేది లేదు.

ఉద్యోగాల కోటా సంగతి చూద్దాం. 1995 చట్టం 3 శాతం ఇచ్చింది. 2016 చట్టం దాన్ని 4 శాతం చేసింది. అది ప్రభుత్వ ఉద్యోగాల వరకే. ప్రైవేటు వాళ్లను మాత్రం ప్రోత్సాహకాలిచ్చి బతిమాలుకోవటమే. ఆ 4 శాతంలో అయినా మన వాటా ఎంత? 1992 మండల్ తీర్పు ప్రకారం వికలాంగుల కోటా కులాల కోటాలకు అడ్డంగా పోతుంది. అంటే ఎంపికైన వికలాంగుణ్ణి అతని కులం ఖాతాలో వేస్తారు తప్ప, వికలాంగుల లోపల దళితులకు ఇన్ని అని విడిగా ఉండదు. మంచి బడిలో, ట్యూషన్లతో చదివిన వికలాంగుడూ, అయిదో తరగతి దాటటమే గండమైన మన వికలాంగుడూ ఒకే గీత మీద నిలబడి పరుగెత్తాలి. 2020 జూలైలో సుప్రీంకోర్టు వికలాంగులు కూడా సామాజికంగా వెనకబడినవాళ్లేనని, ఎస్సీ ఎస్టీలకిచ్చే సడలింపులు వాళ్లకూ ఇవ్వాలని చెప్పింది. బాగుంది. మరి ఎస్సీ కూడా అయిన వికలాంగుడికో? రెండు బరువులు మోసేవాడికి రెండో బరువు లెక్కలోకి రాదా?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా పేరు మార్చారు. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి వికలాంగుల్ని దివ్యాంగులనమన్నాడు. ఈ విద్య మనకు కొత్త కాదు. గుళ్లోకి రానియ్యకుండానే మనల్ని హరిజనులన్నారు. దేవుడి పేరు తగిలిస్తే హక్కు అడగరని నమ్మకం. మనం ఆ పేరు విసిరికొట్టి దళితులమని చెప్పుకున్నాం. మాకు దివ్యత్వం వద్దు, ర్యాంపు కావాలి, పని కావాలి అని ఎందరో వికలాంగులు కూడా అడుగుతున్నారు. ఇద్దరిదీ ఒకటే మాట.

అయితే మన ఉద్యమం కూడా ఒకసారి తన ఇల్లు చూసుకోవాలి. మన సభల్లో వికలాంగుడు ఎక్కడుంటాడు? ఫొటోకి ముందు వరసలో, మాట్లాడేటప్పుడు చివర్లో. సంఘం కార్యదర్శిగా అతను ఎందుకుండకూడదు? అతని కోసం పోరాడతాం అనటం మానుకుని అతనితో కలిసి పోరాడాలి. అందుకే ప్రతి వాడలో ఈ పనులు మొదలుపెట్టాలని కార్యకర్తలను కోరుతున్నాం.

1. వాడలోని వికలాంగులందరి జాబితా రాయండి. పేరు, వయసు, చదువు, అవిటితనం ఎట్లా వచ్చింది, సర్టిఫికెట్ ఉందా లేదా రాయండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ పని చెయ్యాలనుందో ఆ మనిషినే అడిగి రాయండి. ఆడపిల్లల పేర్లు ఇంట్లోవాళ్లు దాస్తారు. అడిగి రాయండి.

2. సదరం సర్టిఫికెట్, కుల సర్టిఫికెట్ రెండూ ఒకేసారి తీయించండి. ఒంటరిగా పంపకండి. పదిమందిని కూడేసి, ఒక కార్యకర్త తోడు పోవాలి.

3. పునరావాస కేంద్రం వాళ్లు మండలానికి వచ్చి పరీక్షలు జరపాలని, శిక్షణ కాలంలో హాస్టలు, దారి ఖర్చులు ఇవ్వాలని కలెక్టరుకు అర్జీ పెట్టండి. మామూలు శిక్షణల్లో కూడా వికలాంగుల్ని చేర్చుకోవాలని 2016 చట్టం 19వ సెక్షన్ చెప్తుంది. మీ మండలంలోని శిక్షణ కేంద్రాల్లో ఎంతమందిని చేర్చుకున్నారో అడగండి.

4. అదే చట్టం 37వ సెక్షన్ ప్రకారం భూముల, ఇళ్ల కేటాయింపుల్లోనూ, పేదరిక నిర్మూలన పథకాల్లోనూ 5 శాతం వికలాంగులకివ్వాలి, అందులో ఆడవాళ్లకు ముందు అవకాశమివ్వాలి. ఎస్సీ కార్పొరేషన్ రుణాల జాబితా వచ్చినప్పుడు ఆ 5 శాతం ఎక్కడుందని గ్రామసభలో లేచి అడగండి.

5. శిక్షణ పొందినవాళ్ల, ఉద్యోగం వచ్చినవాళ్ల లెక్కల్లో కులం గడి కూడా ఉండాలని పట్టుబట్టండి. 4 శాతం కోటాలో దళిత వికలాంగుల వాటా తేల్చాలని ప్రతి సభలో తీర్మానం చెయ్యండి.

మిత్రులారా, పింఛను పుచ్చుకుంటూనే పని అడుగుదాం. ఒకటి ఇచ్చి రెండోది మానెయ్యటానికి వాళ్లెవరు? రెండూ మన చెమటలోంచి, మన పన్నుల్లోంచి వచ్చేవే. వాళ్లు తిండీ బట్టా దగ్గరే ఆగిపోయారు. మనం వాటా దాకా పోదాం.

జై భీమ్!