ఎవర్ని కాపాడాలో కారు తేల్చాలా?

బ్రేకులు ఫెయిలయ్యాయి. ఎదురుగా ముసలాయన. పక్కకు తిప్పితే చిన్నపాప. డ్రైవర్ లేని కారు ఎవర్ని కాపాడాలి?

అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఇలాంటి ప్రశ్నలతో ఆన్‌లైన్‌లో 'మోరల్ మెషీన్' అని గేమ్ లాంటిది పెట్టారు. ప్రపంచం నలుమూలల నుంచి దాదాపు 4 కోట్ల జవాబులొచ్చాయి. 2018లో 'నేచర్' జర్నల్‌లో ఫలితాలు వచ్చాయి. మొత్తమ్మీద మొగ్గు చిన్నవాళ్ల వైపే. అయితే అది అన్ని దేశాల్లో ఒకేలా లేదు.

సరే, ఎక్కువమంది చెప్పిందే చట్టం చేసేద్దామా? జర్మనీ వద్దంది. అక్కడి ప్రభుత్వం వేసిన ఎథిక్స్ కమిషన్ 2017లో 20 నియమాలు రాసిచ్చింది. వయసో, ఆడా మగా అన్నదో చూసి ఒకరి ప్రాణం ఎక్కువ, ఇంకొకరిది తక్కువ అని లెక్కగట్టకూడదని అందులో ఉంది. 2021 చట్టం కూడా ఇదే మాటంది. అన్నిటికన్నా ముందు మనిషి ప్రాణం. ప్రాణాల మధ్యే ఎంచుకోవాల్సి వస్తే, వ్యక్తిగత లక్షణాలను బట్టి తూకం వేయకూడదు.

మంచి రూలే. కానీ ఇదొక్కటే చాలదు. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీ అనే ఊళ్లో జరిగింది చూడండి. రాత్రిపూట సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఉబర్ టెస్ట్ కారు గుద్దింది. ఆమె చనిపోయింది. అక్కడ ముసలాయనా లేడు, పాపా లేదు. ఎవర్ని కాపాడాలన్న ప్రశ్నే రాలేదు.

ప్రభుత్వ దర్యాప్తులో తేలిందేంటంటే, గుద్దడానికి 5.6 సెకన్ల ముందే సిస్టమ్ ఆమెను గుర్తించింది. కానీ వాహనమా, సైకిలా, ఇంకేదైనానా అని మార్చుకుంటూ పోయింది. క్రాసింగ్ లేనిచోట మనుషులు రోడ్డు దాటతారన్న ఆలోచనే ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు. పైగా ఊరికే బ్రేకులు పడకుండా, ప్రమాదం కనిపించినా ఒక సెకను ఆగేలా రాశారు.

అసలు ధర్మసందేహం ఆ ఒక్క సెకనే. ప్రయాణం సాఫీగా ఉండాలా, రోడ్డు దాటే మనిషి బతకాలా? ఆ నిర్ణయం రోడ్డు మీద కారు తీసుకున్నది కాదు. అంతకుముందే ఆఫీసులో మనుషులు తీసుకున్నది.

కేసు మాత్రం సీట్లో కూర్చున్న సేఫ్టీ డ్రైవర్ మీదే నడిచింది. ఫోన్ చూస్తూ కూర్చోవడం ఆమె తప్పే, కాదనలేం. 2023లో ఆమె నేరం ఒప్పుకుంది, 3 ఏళ్ల ప్రొబేషన్ పడింది. కంపెనీ మీద క్రిమినల్ కేసుకు ఆధారం లేదని ప్రాసిక్యూటర్లు 2019లోనే తేల్చేశారు.

అందుకే చట్టం ఇంకో మాట కూడా అడగాలి. ఇలాంటి ప్రతి సెట్టింగూ ఎవరు, ఎందుకు పెట్టారో కంపెనీ రాసిపెట్టాలి. కారు రోడ్డెక్కకముందే బయటివాళ్లు దాన్ని చెక్ చేయాలి. కోడ్ రాసే మనకు కొంచెం పని పెరుగుతుంది. పెరగనివ్వండి.